కుడి రెక్క కింది గొట్టం

విమానం కొన్నానని నన్ను పిచ్చోడన్నవాళ్ళు పలాసలో ఇంకా బతికే ఉన్నారు. కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీకొట్టులో ఎవరు ఏ బెంచీ మీద కూర్చుని, గ్లాసు ఏ చేత్తో పట్టుకుని ఆ మాట అన్నారో ఇప్పటికీ చెప్పగలను. వాళ్ళ మీద నాకు కోపం పోలేదు, పోదు కూడా. కానీ నన్ను అనాల్సిన మాట అది కాదు. అనాల్సిన మాట వేరే ఉంది. అది తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలాం, మా అప్ప, నేను. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆయిలింజన్లు బాగుచేసి బతికాను. పొలాల్లో పంపుసెట్లు, టెక్కలి రైసుమిల్లులు, పలాస జీడి ఫ్యాక్టరీల బాయిలర్లు, నా చెయ్యి పడని యంత్రం ఈ చుట్టుపక్కల లేదు. ఇంగ్లీషు నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. ఇంజన్‌తో పాటు వచ్చే పుస్తకాన్ని ముందు, డిక్షనరీని పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ రెండేసి రోజులు చదివి నేర్చుకున్నాను. ఒకసారి ఒక ఫ్యాక్టరీకి కొత్త బాయిలర్ వచ్చింది. దాంతో పాటు వచ్చిన కుర్ర ఇంజనీరు నా చేతిలో స్పానర్ చూసి, సర్టిఫికెట్ లేని చెయ్యి దీనిమీద పడకూడదన్నాడు. ఆడకూలీల ముందు అన్నాడు. జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిపోయిన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్ళు నవ్వారు. నాలుగు నెలలకి ఆ బాయిలర్ మొండికేస్తే బాగుచేసింది నేనే. అయినా ఆ మాట లోపల అలాగే ఉండిపోయింది. సర్టిఫికెట్ ఉన్నవాడు కూడా ముట్టుకోడానికి జంకే ఇంజన్ ఒకటి నా చేత్తో తిప్పాలనుకున్నాను. దీన్ని ఆశయం అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అది ఒట్టి పంతం.

బావ, అంటే మా అప్ప మొగుడు, చదువుకున్నవాడు. వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానాలు చూసే ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఆయన సంతకం పెడితేనే విమానం నేల విడవాలి. ఆ సంతకానికి లైసెన్సు ఉంటుంది, ఏ రకం విమానం మీద పెట్టొచ్చో ఆ లైసెన్సులో పేరు పేరునా రాసి ఉంటుంది. తొంభైల ఆఖరులో ఆ క్లబ్బు మూతపడింది. బావ ఉద్దానంలో తన ఊరికి వచ్చేశాడు. వచ్చి ఒక రోజు మాటల్లో మాటగా అన్నాడు.

"రెండు సీట్ల బండి ఒకటి మిగిలిపోయిందిరా ఆడ. గుడ్డ రెక్కలది. దేశంలో అలాటివి వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. తుక్కుకింద కోసెత్తారంట."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వారం తిరక్కుండా వెళ్ళి చూశాను. నెల తిరక్కుండా రెండెకరాల జీడితోట అమ్మి దాన్ని కొన్నాను. బావ తల పట్టుకున్నాడు. "ఒరే, నాను బాధ సెప్పుకున్నాను. కొనమన్నానేటి?" అన్నాడు. అంటూనే లారీలోకి ఎక్కించేటప్పుడు దగ్గరుండి, రెక్కలు ఊడదీయించి, ఒక్కో రెక్క కింద కొబ్బరి పీచు పరుపులు వేయించాడు.

టెక్కలిలో లారీ ఆగితే చుట్టూ జనం మూగారు.

"ఇదేటి బావా, సర్కస్సోళ్ళదేటి?"

"కాదురా, ఇమానం. ఈ మావ కొన్నాడంట."

"ఎగురుతాదేటి?"

"ఎగరకపోతే కోళ్ళగూడు సేసుకుంతాడు. నీకేటి బాధ?"

కోళ్ళగూడన్నవాడు ఎర్ర బనీను వేసుకున్నాడు. అదీ గుర్తుంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మొదటి చిక్కు. విమానం లేవడానికి పొడుగ్గా, చదునుగా, చెట్టూ పుట్టా లేని నేల కావాలి. ఉద్దానంలో అలాంటి నేల చూపించమనండి ఎవరినైనా. కొబ్బరి, జీడి, పనస, మళ్ళీ కొబ్బరి. తలెత్తితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. చివరికి దొరికింది నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళ పక్కన, గట్టి బీడు. ఎండాకాలం సిమెంటులా ఉంటుంది. అక్కడే తాటాకు షెడ్డు వేయించాను. ఉప్పుగాలి ఇనుముకి ఏం చేస్తుందో నాకు తెలీదా? తెలుసు. వేరే చోటు లేదు.

మూడేళ్ళు దాంతో పోరాడాను. దాన్ని ఇలా తిట్టకూడదేమో గానీ, అంత మొండిది ఏ దేవుడి సృష్టిలోనూ లేదు. ఒక సిలిండర్ బాగుచేస్తే ఇంకోటి నూనె కారేది. మంట పుట్టించే మాగ్నెటోలు రెండుంటాయి. ఒకటి పనిచేస్తే రెండోది అలిగేది. తోక చక్రానికి టైరు కావాలంటే ఆ సైజు ఎక్కడా లేదు, చివరికి ఓ మూలపడ్డ ఫ్యాక్టరీ తోపుడు బండి చక్రాన్ని అరగదీసి తొడిగితే బావ పీకి పారేశాడు. "ఇది ఆయిలింజన్ కాదురా. ఇందులో ప్రెతి బోల్టుకీ పుట్టుపూర్వోత్తరాలు ఉండాల" అన్నాడు. చిన్న చిన్న సామాన్ల కోసం విదేశాలకి ఉత్తరాలు రాశాను, నా పుస్తకాల ఇంగ్లీషులో. సగం వాటికి జవాబు రాలేదు. ఒక జవాబు వచ్చింది: మీరడిగిన విమానం ఇంకా ఉందంటే మాకు ఆశ్చర్యంగా ఉంది, ఒక ఫోటో పంపగలరా అని. సామాను సంగతి లేదు. ఫోటో కావాలట!

వీటన్నిటి కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. బావకి కిడ్నీలు పాడయ్యాయి.

ఉద్దానంలో ఈ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. ఏ వీధిలో అడిగినా వేళ్ళు మడిచి చెబుతారు, ఈ ఇంట్లో ఇద్దరు, ఆ ఇంట్లో ఒకడు, అదుగో ఆ ఇల్లు ఖాళీ. పరీక్షలకని జీపులేసుకుని వచ్చేవాళ్ళు, సీసాల్లో మా బావుల నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. మళ్ళీ ఏడాది ఇంకొకళ్ళు వచ్చి మళ్ళీ సీసాల్లో పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ నీళ్ళన్నీ ఎక్కడ పోశారో నాకు ఈ రోజుకీ తెలీదు. అడిగితే, "రిపోర్టు రావాలి" అనేవాళ్ళు. ఆ నీళ్ళే తాగుతూ మేం రిపోర్టు కోసం చూశాం. ముప్ఫై ఏళ్ళు బయట ఉన్నవాడికి ఎలా వచ్చిందని అడుగుతారు కొందరు తెలివైనవాళ్ళు. పుట్టి పెరిగింది ఇక్కడే కదా, ఏటా సెలవులకి వచ్చి తాగింది ఇక్కడే కదా. అంతకంటే నాకు తెలీదు. తెలిసినవాడెవడూ నాకు కనపడలేదు.

వారానికి రెండుసార్లు బావ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. వెళ్ళొచ్చిన రోజు మంచం మీద నుంచి లేచేవాడు కాదు. అన్నీ పోగా, వారంలో ఆయన చేతులు పనికొచ్చేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ నేను తీసుకున్నాను. అప్ప టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆయనతో పాటు నౌపడ బీడుకి వచ్చేది, షెడ్డు నీడలో కూర్చునేది. పత్యం కూడు, కొలిచిన నీళ్ళు. ఆయన దాహం వేసిందంటే అప్ప మూతతో కొలిచి పోసేది.

ఈ రకం విమానం పేరు లైసెన్సులో ఉన్నవాళ్ళు తనకి తెలిసి ముగ్గురని బావ చెప్పాడు. ఒకాయన పోయాడు. ఒకాయనకి చూపు పోయింది. మూడోవాడు బావ. ఆయన సంతకం లేకపోతే సర్కారు ఇన్‌స్పెక్టరు కాగితం ముట్టుకోడు. అంటే విమానం పూర్తయ్యే రోజుకి బావ బతికి ఉండాలి. పొద్దున్న లేవగానే దేవుడికి దండం పెట్టి నేను కోరుకున్నది ఇదే. బావ బతకాలని కోరుకున్నాను. ఎందుకు బతకాలని కోరుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఇంక నూనె సంగతి.

ఆ విమానానికి రెక్క పైన ఉంటుంది. రెక్క మధ్య నుంచి కింద పొట్ట వరకూ, రెండు వైపులా, ఏటవాలుగా ఇనుప గొట్టం ఉంటుంది. గాల్లో రెక్క మీద పడే బరువంతా ఆ గొట్టమే పట్టి ఉంచుతుంది. అది విరిగితే రెక్క ముడుచుకుపోతుంది, అంతే, ఇంక చెప్పుకోడానికి ఎవరూ మిగలరు. గొట్టం లోపల బోలు. లోపల తుప్పు పట్టకుండా అవిసె నూనె కాచి పోసి, అటూ ఇటూ వంచి, వార్చి, మూత బిగించాలని పుస్తకంలో ఉంది. బజారు నూనె పనికిరాదని, విమానాన్ని తెచ్చేటప్పుడు క్లబ్బు నుంచి బావ ఒక డబ్బా తెచ్చిపెట్టాడు. "ఇది నువ్వు సెయ్యి, నీ సేతికి తెలుసు" అని నాకు అప్పగించాడు. అలా ఆయన నాకు అప్పగించిన పనులు చాలా తక్కువ.

ఎడమ గొట్టానికి పోశాను. కుడిదానికి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె తిరగబడింది. నూనె ఇసకలో ఇంకిపోయింది.

బావ ఆ వారం విశాఖలోనే ఉన్నాడు, ఒళ్ళు బాగాలేక అక్కడే ఉంచేశారు. చెప్పి ఇంకో డబ్బా తెప్పించుకోవచ్చు. చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. అప్పగించిన ఒక్క పని నేల పాలు చేశానని ఎలా చెప్పను? అప్పుడు నాకు తట్టింది. మా తీరంలో పడవల చెక్కకి జీడితొక్క నూనె పూస్తారు. నల్లగా, జిగటగా ఉంటుంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అది పూసిన పడవ ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానినా చెద పట్టదు, పుచ్చు రాదు. పలాసలో ఏ ఫ్యాక్టరీ వెనకాల చూసినా డ్రమ్ముల్లో ఉంటుంది. సముద్రాన్నే ఆపే నూనె ఉప్పుగాలిని ఆపదా? ఎవరో తెల్లవాడు రాసిన పుస్తకానికి మా తీరం సంగతి తెలుసా? కాచి, వడగట్టి, కుడి గొట్టంలో పోశాను. చేతులు బొబ్బలెక్కాయి. లోలోపల గర్వపడ్డాను కూడా.

నేను ఆలోచించనిది ఒకటుంది. మా పడవలకి మేకులుండవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టుకుంటారు. ఆ నూనె చెక్కకి మేలు చేస్తుందని తాతల నాటి నుంచి అందరికీ తెలుసు, ఇనుముని ఏం చేస్తుందో ఏ పడవలోనూ ఎవరూ చూసి ఉండరు. ఫ్యాక్టరీ వెనకాల ఆ నూనె డ్రమ్ములు చిల్లులు పడుతుండడం నేను కళ్ళారా చూశాను. ఉప్పుగాలి అనుకున్నాను. నాకు తెలుసనుకున్నది నన్ను చూడనివ్వలేదు. ఆ కుర్ర ఇంజనీరు నన్ను అన్న మాట తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఆ రోజు కుడి గొట్టం మీద పడకూడని చెయ్యి పడింది.

బావ తిరిగొచ్చి "పోసినావేటి?" అని అడిగాడు. పోశానన్నాను. అబద్ధం కాదుగా అనుకున్నాను.

ఏడాది గడిచింది. రెక్కలకి కొత్త గుడ్డ ఎక్కింది. ఒక రోజు ఇంజన్ పట్టుకుని, ఆగకుండా అరగంట తిరిగింది. ఉప్పుమళ్ళలో పనిచేస్తున్నవాళ్ళు పలుగూ పారా వదిలి గట్ల మీదకి ఎక్కారు. బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన మొహం అప్పటికే ఉబ్బిపోయి ఉండేది, చీలమండలు కనిపించేవి కావు. "బాగుందిరా" అన్నాడు. మూడేళ్ళలో నాకు ఆయన ఇచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. మా ఇద్దరికీ అదే మంచి రోజు. అలాంటిది మళ్ళీ రాలేదు.

ఇన్‌స్పెక్టరు వస్తానని ఉత్తరం రాశాడు. పురుగుమందులు చల్లే విమానం నడిపి రిటైరైన పైలట్ ఒకాయన, మొదటిసారి లేపడానికి ఒప్పుకున్నాడు. ఆయన పక్కన రెండో సీటు నాది. అది ముందే అనుకున్నాం. ఇంక కావలసింది బావ ఆఖరుసారి మొత్తం చూసి సంతకం పెట్టడం.

ఇన్‌స్పెక్టరు రావడానికి వారం ముందు బావ వచ్చాడు. రెండడుగులు వేస్తే ఆయాసం. ముందు నుంచి మొదలుపెట్టి తోక దాకా, ఒక్కో బోల్టూ తడిమి చూశాడు. నేను వెనకాల స్టూలు మోసుకుంటూ తిరిగాను. ఎడమ గొట్టాన్ని రూపాయి బిళ్ళతో పైనుంచి కిందకి తట్టుకుంటూ వచ్చాడు. టంగ్ టంగ్ మంది. కుడి వైపు వచ్చాడు. పైన టంగ్ మంది. కిందకి వచ్చేసరికి మోగలేదు. మళ్ళీ తట్టాడు. స్టూలు మీద కూర్చుని, వంగి, గొట్టం కింది కొసన ఉన్న మర దగ్గర వేలు పెట్టి తీశాడు. వేలికి నల్లగా, చీమ తలకాయంత, ఏదో అంటుకుంది. వాసన చూశాడు.

"ఇందులో ఏటి పోసినావురా?"

"నువ్విచ్చిందే."

"అవిసి నూనేనా?"

"మరేటి పోత్తాను బావా? పాతబడితే నల్లబడదేటి?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఆయన వేలు కేసి చూశాను. వేలిని తువ్వాలుకి తుడుచుకుని, పక్కనున్న పుస్తకం మూసేశాడు. సంతకం పెట్టాల్సిన పుస్తకం.

"నాను ఎట్టను."

"ఎందుకెట్టవు? ఒక మూల టంగ్ మనలేదనా? మూడేళ్ళు సేసినాం బావా."

"సేసినాం. కాని లోపల ఏటున్నాదో నాకు తెలవదు. తెలవందానికి సంతకం ఎట్టను."

"ఒక్కసారి లేపుతాడు, ఒక్క సుట్టు, దింపేత్తాడు. తరవాత ఇప్పి సూడు, నీ ఇష్టం."

"ఒక్కసారి సాలదేటిరా, ఇరిగిపోడానికి?"

నేను అప్పుడు ఊరుకోవాల్సింది. నిజం చెప్పాల్సింది. వారం రోజులు ఉంది. ఇన్‌స్పెక్టరుని ఇంకోసారి రమ్మనొచ్చు. పైలట్ ఎక్కడికీ పోడు. కానీ నిజం చెబితే నేనేమవుతాను? బడి మానేసిన మెకానిక్కుని. ఆ క్షణంలో నాకు కనిపించింది ఒకటే, పుస్తకంలో ఖాళీగా ఉన్న గీత, పక్కన ఉబ్బిపోయిన ఆ చెయ్యి.

"రేపు నువ్వు సచ్చిపోతే దీనికి సంతకం ఎవుడెడతాడు?" అన్నాను. గట్టిగా అన్నాను.

షెడ్డు నీడలో అప్ప బావకి నీళ్ళు కొలుస్తోంది. కొలవడం ఆపి మూత నేల మీద పెట్టింది. బావ లేచి నిలబడడానికి చెయ్యి చాపాడు, నా వైపు కాదు, అప్ప వైపు. ఇద్దరూ నెమ్మదిగా నడుచుకుంటూ రోడ్డు మీదకి వెళ్ళిపోయారు. ఆ బీడు ఎంత పొడుగో నాకు ఆ రోజు తెలిసింది. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు, నడుస్తూనే ఉన్నారు. నేను వెనకాల వెళ్ళలేదు.

మూడు రోజులు నాతో నేను వాదించుకున్నాను. బావకి జబ్బు వల్ల భయం ఎక్కువైందన్నాను. చెవులు సరిగా పనిచేయడం లేదన్నాను. సంతకం నేనే గీకేస్తే ఎవడు పట్టుకుంటాడని కూడా అనుకున్నాను. అది కూడా రాస్తున్నాను. ఆయన చేతిరాత నాకు బాగా తెలుసు. తెల్లకాగితం మీద రెండుసార్లు గీసి చూశాను, రెండోసారి అచ్చం అలాగే వచ్చింది. ఆ కాగితం పొయ్యిలో పెట్టి, రంపం తీసుకుని నౌపడ వెళ్ళాను.

రెక్క కింద ఆనుడు పెట్టి, కుడి గొట్టం విప్పి, కింది కొస నుంచి జానెడు కోశాను. కోయడం అనకూడదు. సగం దాకా రంపం ఇనుముని కోస్తున్న చప్పుడు చేసింది. తర్వాత చప్పుడే లేదు. బెల్లం ముక్క విరిగినట్టు చేతిలోకి వచ్చింది. లోపల నల్లటి బంక, దాని కింద ఎర్రటి పొడి, పొరలు పొరలుగా. పైనున్న రంగు మాత్రం కొత్తగా మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టరుకి రావద్దని టెలిగ్రాం కొట్టాను. ఆ ముక్కని తువ్వాలులో చుట్టుకుని పలాసలో విశాఖ బండి ఎక్కాను. పక్కన కూర్చున్నవాడు నా ఒళ్ళోది చూసి, "ఏటి మావా, తుపాకీయేటి?" అన్నాడు. అవునన్నాను. దూరంగా జరిగి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో బావ మిషను పక్కన పడుకుని ఉన్నాడు. గొట్టాల్లోంచి ఆయన రక్తం బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తోంది. అప్ప మందులు తేవడానికి కిందకి వెళ్ళింది. నేను తువ్వాలు విప్పి ముక్క ఆయన చేతిలో పెట్టాను. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నా కిడ్నీ కోసి సూసినా ఇలాగే ఉంతాది గావాల" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

"జీడి నూనె పోసినాను బావా. నువ్విచ్చింది ఒలికిపోనాది. ఎడందానికే సరిపోయింది."

"వాసన అప్పుడే తెలిసిందిలే. నువ్వు సెప్తావని సూసినాను." ముక్కని మళ్ళీ వెలుగుకి తిప్పాడు. "ఎప్పుడు పోసినావు?"

"నిరుడు శివరాత్రి ముందు."

కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, నెలలు లెక్కపెడుతున్నాడు.

"అప్పుడే సెప్పుంటే కొత్తది సేయించేవోడిని. మా క్లబ్బుకి గొట్టాలు సేసిన వర్కుషాపులో నా జతగాడొకడు ఉండేవోడు. ఆడు రిటైరైపోయి ఎనిమిది నెల్లయ్యింది. ఇప్పుడు ఎవుడున్నాడో, ఆడికి కాయితాలెన్ని గావాలో."

"నేనే సేత్తాను బావా. గొట్టం తెచ్చి, వెల్డింగు నేనే…"

"నీ సెయ్యి మంచిదేరా. కాదనను. కాని అది రెక్క. రెండో సీట్లో కూకునేది నువ్వు. మీ అప్పకి నువ్వు కాక తమ్ముడెవుడున్నాడు?"

ఆ మాట తర్వాత నేనేం అడగను? అయినా అడిగాను. మనిషి ఎంతకి దిగజారతాడో నాకు ఆ రోజు తెలిసింది. ఎక్కడో చోట చేయించి తెస్తే అప్పుడైనా సంతకం పెడతావా అన్నాను. బావ ముక్కని నా చేతిలో పెట్టేసి, "తెత్తే ఎడతాను. బేగి తే" అన్నాడు. తేలేనని ఇద్దరికీ తెలుసు.

"ఆ రోజు అన్న మాట బావా…" అని మొదలుపెట్టాను.

"మీ అప్పతో సెప్పుకో. నాకు ఈమద్దిన సెవులు సరీగ్గా ఇనబడ్డంలేదు" అని గోడవైపు తిరిగాడు.

కొత్త గొట్టం కోసం నేను నిజంగానే తిరిగాను. నాలుగు ఊళ్ళు, ఆరు వర్కుషాపులు. ఒక చోట గేటు దగ్గరే ఆపేశారు. ఒక చోట నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం కూర్చోబెట్టి టీ ఇచ్చి, డ్రాయింగు కావాలి, ఒప్పుదల కావాలి, ఏడాది పడుతుంది అన్నాడు. ఏడాది! ఆయన మీద కూడా అరిచేసి వచ్చాను. ఆయన తప్పేముంది? ఆ ఏడాది నా దగ్గర ఉండేది. నోరు మూసుకుని నేనే దాన్ని పోగొట్టాను.

వానలు పడే ముందు బావ పోయాడు.

విమానం ఏమైందని అడిగేవాళ్ళు ఉంటారు. ఒక తుఫానుకి షెడ్డు కూలింది, ఇనపసామాన్లవాడు వచ్చి పట్టుకెళ్ళాడు. దాని గురించి అంతకంటే చెప్పడానికేం లేదు.

పదోరోజు అయ్యాక అప్ప నన్ను పిలిపించింది. బావ లైసెన్సు పుస్తకం ఆవిడ చేతిలో ఉంది. మనిషి పోతే దాన్ని ఆఫీసుకి తిప్పి పంపాలని బావ ముందే చెప్పి ఉంచాడట. "ఇంగ్లీసులో ఉత్తరం రాయి తమ్ముడా" అంది. రాశాను. పేజీ నిండా రాశాను. అప్ప నా వెనకాల నిలబడి చూసింది.

"సచ్చిపోనాడు అని రాయడానికి ఇంత గావాలేటి? తెలుగులో సదువు."

చదివాను. చదువుతూ కిందకి వచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది. ఆఖరు వాక్యం ఇది. ఈ రకం విమానం మీద సంతకం పెట్టే అర్హత ఉన్నవారు ఇంకెవరైనా ఉంటే వారి చిరునామా దయచేసి తెలుపగలరు.

"ఆ రోజు ఆయన్ని అడిగినావు. ఇప్పుడు ఆఫీసోళ్ళని అడుగుతున్నావు" అంది అప్ప.

అప్పుడు చెప్పాను. ఒలికిపోయిన నూనె, జీడి నూనె, వేలికంటిన నలుపు, ఆయన అడగడం, నేను అబద్ధం ఆడడం, అన్నీ. కూర్చుని వింది.

"ఆయనికి తెలుసా?"

"తెలుసు."

"ఏటన్నాడు?"

"నీతో సెప్పుకోమన్నాడు."

"ఎన్నాళ్ళయింది సెప్పుకోమని?"

అప్ప ఆ కాగితం నా ముందు నుంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుంది. చింపలేదు. ఎందుకు దాచుకుందో నేను ఇప్పటికీ అడగలేదు. తర్వాత బావ లైసెన్సుని నా మోకాలి దగ్గరకి జరిపింది.

"ఇంకో కాయితం తీ" అంది. "సిన్నగా రాయి."